చూసేలోపే చచ్చిపోతున్నానెందుకు?

రాత్రి పదిన్నరకి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. ఆ వేళప్పుడు ఫోనంటే ఫీజు సంగతో, జ్వరమో అనుకున్నాను. "మామయ్యా, నువ్వు సైన్సు పుస్తకాలు రాస్తావు కదా, ఇది చెప్పు. మూల తిరిగానో లేదో చచ్చిపోతున్నాను. వాడు నాకు కనబడనే లేదు, నేను వాడికెలా కనబడ్డాను? వాళ్ల చేతులంత ఫాస్టా? నా ఒంట్లోనే ఏదన్నా లోపమా?"

వాడు ఆడేది కౌంటర్ స్ట్రైక్. ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు హాఫ్ లైఫ్ అనే మరో ఆటకి తగిలించిన అతుకుగా ఇది పుట్టింది. 2000లో వాల్వ్ కంపెనీ దాన్ని సొంత ఆటగా విడుదల చేసింది. ఇప్పుడు నడుస్తున్నది 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఒక జట్టు బాంబు పెట్టాలి, రెండోది ఆపాలి. చచ్చినవాడు ఆ రౌండు అయ్యేదాకా మిగతావాళ్ల ఆట చూస్తూ కూర్చోవాలి. ఏకే-47 తూటా తలకి తగిలితే ఒక్కటి చాలు. మన పల్లెల్లో, పట్నాల్లో చాలామంది ఫోన్లో బొటనవేళ్లతో ఆడేది వందమంది ఒకేసారి దిగే బీజీఎంఐ. ఆట ఏదైనా అందరి గోడూ ఒకటే: నేను చూసేలోపే పోయాను.

నాకు ఆ ఆట రాదు. ఒకసారి వాడి పక్కన కూర్చుని ఆడితే నా జట్టువాడినే కాల్చాను. కానీ ఆ ప్రశ్న మాత్రం చాలా పాతది. దాని వెనక రెండొందల ఏళ్ల విజ్ఞానం ఉంది.

స్కేలు కింద పడేలోపు

ముందు ఒంట్లో లోపం సంగతి తేల్చేద్దాం. పిల్లలు బడికి తీసుకెళ్లే 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి చాలు. ఒకరు దాన్ని పై కొసన పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. రెండోవాళ్లు కింద సున్నా గీత దగ్గర బొటనవేలు, చూపుడువేలు తాకీ తాకనట్టు పెట్టుకోవాలి. మొదటివాళ్లు చెప్పాపెట్టకుండా స్కేలు వదిలేస్తారు, రెండోవాళ్లు పట్టుకోవాలి. వేళ్ల దగ్గరున్న అంకె చూడండి. పడే వస్తువు ఎంత దూరానికి ఎంతసేపు తీసుకుంటుందో మనకి కచ్చితంగా తెలుసు కాబట్టి స్కేలే గడియారం. 15 దగ్గర పట్టుకుంటే 175 మిల్లీసెకన్లు, అంటే సెకనులో 175 వెయ్యోవంతులు. 20 దగ్గరైతే 202. దాదాపు చేయి దాటిపోయే 30 దగ్గరైతే 247. దీన్నే స్పందన కాలం అందాం.

సంక్రాంతికి వాడు మా ఇంటికొచ్చినప్పుడు ఇద్దరం పదేసిసార్లు పట్టుకున్నాం. వాడి సగటు 18, నాది 24. నేను వాడికన్నా 28 ఏళ్లు పెద్ద, కళ్లజోడు, మెడనొప్పి ఉన్నవాణ్ణి. అయినా కాలంలోకి మారిస్తే మా ఇద్దరి మధ్య తేడా 30 మిల్లీసెకన్లే. కనురెప్ప వేసి తీసేంతసేపట్లో మూడో వంతు కూడా కాదు. వాడు కొంచెం నిరాశపడ్డాడు. నేను కొంచెం పొంగిపోయాను.

ఈ కాలాన్ని అసలు ఎవరూ లెక్కలోకి తీసుకోని రోజులుండేవి. ఇంగ్లండులో గ్రీనిచ్ నక్షత్రశాల అధిపతి నెవిల్ మాస్కెలిన్ 1796లో తన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్‌ని పనిలోంచి తీసేశాడు. దుర్భిణిలో కనబడే తీగను నక్షత్రం దాటే క్షణాన్ని గడియారం టిక్కులు వింటూ రాసుకోవాలి. కిన్నెబ్రూక్ రాసే క్షణం అధిపతి రాసేదానికన్నా 0.8 సెకన్లు వెనకబడుతోంది. శ్రద్ధ లేదన్నారు. తర్వాత జర్మన్ ఖగోళవేత్త బెసెల్ ఆ గొడవ చదివి, వేరువేరు పరిశీలకులని పోల్చి చూసి, ఏ ఇద్దరి సమయాలూ కలవవని, తేడా మనిషిని బట్టే వస్తుందని తేల్చాడు. పాపం, కిన్నెబ్రూక్ ఉద్యోగానికి ఆ తీర్పు అక్కరకు రాలేదు.

ఇంతకీ ఈ స్పందన కాలం, అంటే దాదాపు పావు సెకను, ఎక్కడ ఖర్చవుతుంది? కంటి వెనక తెర మీద వెలుగు పడగానే అక్కడి కణాల్లో రసాయన మార్పు మొదలవ్వాలి, ఆ వార్త నరం మీదుగా మెదడు వెనక భాగానికి చేరాలి, 'ఇది గోడ కాదు, మనిషి' అని తేలాలి, కాల్చాలని నిర్ణయం జరగాలి, ఆజ్ఞ వెన్నుపాములోంచి దిగి వేలి కండరాన్ని బిగించాలి. నరంలో వార్త మెరుపులా పోతుందని పూర్వం అనుకునేవారు. 1850లో హెల్మ్‌హోల్ట్స్ కప్పకాలి నరం మీద కొలిచి చూస్తే సెకనుకి సుమారు 30 మీటర్లే అని తేలింది. మన హైవే మీద కారు వేగం కన్నా పెద్ద ఎక్కువేం కాదు.

ఈ గొలుసులో ఏ లంకెనీ మనం పెద్దగా కుదించలేం. పరుగుపందేల్లో తుపాకీ మోగిన 100 మిల్లీసెకన్ల లోపు కాలు కదిలితే ముందే ఊహించి కదిలాడని ఫౌల్ ఇస్తారు, విని కదలడం అంత త్వరగా సాధ్యం కాదని. చూసి కదలడానికి వినడం కన్నా ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

వయసు సంగతి కూడా వాడే అడిగాడు, 20 ఏళ్లకే ముసలివాడినైపోయానేమోనన్నట్టు. 2014లో కెనడా పరిశోధకులు స్టార్‌క్రాఫ్ట్ 2 అనే యుద్ధవ్యూహాల ఆటలో 3,305 మంది ఆటలు విశ్లేషించారు. కొత్త దృశ్యం కనబడ్డాక మొదటి పని చేసే వేగం 24 ఏళ్ల నుంచే తగ్గడం మొదలవుతుందని తేల్చారు. పత్రికలు ఆ ముక్క దగ్గరే ఆగిపోయాయి. కానీ అదే అధ్యయనంలో, పెద్దవాళ్లు చేయాల్సిన పనులనే తగ్గించుకుని, మీటల కిటుకులు వాడుకుని ఆ లోటు పూడ్చుకుంటున్నారని కూడా ఉంది. నాకు అసలు విషయం అదే అనిపిస్తుంది. పావు సెకనుని కుదించలేం. ఆ పావు సెకను తర్వాత చేయాల్సిన పనిని కుదించవచ్చు.

గురిచుక్క ఎక్కడుంది?

తెర మధ్యలో చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది. ఆటగాళ్లు క్రాస్‌హెయిర్ అంటారు, మనం గురిచుక్క అందాం. తూటా అది ఉన్న దిక్కుకి పోతుంది. మౌస్ జరిపితే అది కదలదు, లోకమే దాని కింద జరుగుతుంది.

కొత్తవాడి ఆట చూడండి. నడిచేటప్పుడు గురిచుక్క నేల మీద ఉంటుంది. మనం వీధిలో నడిచేటప్పుడు కూడా అంతే కదా, గుంటలు చూసుకుంటాం. శత్రువు కనబడతాడు. ఇప్పుడు చుక్కని నేల మీంచి తల దాకా లేపాలి, పక్కకి కూడా జరపాలి. ఈ పనికి రెండు అంచెలుంటాయని 1899లోనే వుడ్‌వర్త్ అనే అమెరికన్ చూపించాడు. మొదటిది దూకుడు: చెయ్యి గమ్యం దిక్కుగా ఒక్క ఊపున పోతుంది, మధ్యలో చూసుకోదు. రెండోది సవరణ: దగ్గరకొచ్చాక కంటితో చూసుకుంటూ కొద్దికొద్దిగా దిద్దుకుంటుంది. చీకట్లో తలుపు తాళం తీసేటప్పుడు గమనించండి. చెయ్యి తలుపు దాకా క్షణంలో పోతుంది. తాళంచెవి బెజ్జం దొరకడానికే అసలు కాలం పడుతుంది.

ఇందులో ఒక కచ్చితమైన లెక్క ఉంది. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మనుషుల చేతికి లోహపు కడ్డీ ఇచ్చి రెండు పలకలని మార్చి మార్చి తాకమన్నాడు. పలకల మధ్య దూరం, వెడల్పు మారుస్తూ పోయాడు. దూరం రెట్టింపు చేస్తే పట్టే కాలం రెట్టింపు కాలేదు, ఒక నిర్ణీత మొత్తం పెరిగింది. పలక వెడల్పు సగం చేస్తే కూడా అదే మొత్తం పెరిగింది. అంటే చెయ్యి లెక్కలో దూరంగా ఉన్న పెద్ద గుమ్మడికాయా, దగ్గరగా ఉన్న చిన్న నిమ్మకాయా ఒకే కష్టం.

ఆటలో తల సైజు మన చేతిలో లేదు. దూరం మాత్రం మన చేతిలో ఉంది. అందుకే ఆరితేరినవాడు నడుస్తున్నంతసేపూ గురిచుక్కని తల ఎత్తులోనే ఉంచుతాడు, ఎదుటివాడు రాగల గోడ అంచుకి ఆనించి. ఆటగాళ్ల భాషలో ఇది క్రాస్‌హెయిర్ ప్లేస్‌మెంట్. మన మాటల్లో ముందస్తు గురి. శత్రువు ఆ అంచు దాటాడంటే తనంతట తానే వచ్చి చుక్క కింద నిలబడ్డట్టు. చెయ్యి జరపాల్సిన దూరం దాదాపు సున్నా. దూకుడు లేదు, సవరణ ఏ కొంచెమో. మిగిలింది వేలు నొక్కడమే. అంటే స్కేలు పట్టుకున్నంత పని.

మా వాడు ఒక పేరున్న ఆటగాడి రికార్డింగ్ పెట్టి, "చూడు మామయ్యా ఎంత ఫాస్టో" అన్నాడు. నేను తెర బదులు ఆటగాడి చేతిని చూపించే చిన్న గడి వైపు చూశాను. మౌస్ ఒక అంగుళం కూడా జరగలేదు. వేగంగా ఉన్నది ఫలితం, చెయ్యి కాదు.

క్రికెట్ చూసేవాళ్లకిది కొత్త కాదు. గంటకి 140 కిలోమీటర్ల బంతి బ్యాటర్ దగ్గరికి రావడానికి అర సెకను కూడా పట్టదు. అందులో పావు సెకను స్పందనకే పోతే ఆడటానికేం మిగులుతుంది? 2000లో మైకేల్ లాండ్, పీటర్ మెక్లియడ్ అనే బ్రిటిష్ పరిశోధకులు బ్యాటర్ల తలకి కెమెరా తగిలించి చూపు ఎటు పోతోందో చూశారు. బంతిని చివరిదాకా చూడమని కోచ్‌లు చెబుతారు కానీ ఏ బ్యాటరూ అలా చూడటం లేదు. బంతి బయల్దేరగానే కాసేపు చూసి, చూపు ఒక్క దూకులో అది నేలని తాకబోయే చోటికి ముందే వెళ్లి కాచుకుంటోంది. మంచి బ్యాటరుకి ఆ దూకు ఇంకా ముందుగా జరుగుతోంది. ముందస్తు గురి అంటే ఇదే, బ్యాట్ బదులు మౌస్.

మౌస్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కొత్తవాళ్లు కొంచెం జరిపితే లోకమంతా గిర్రున తిరిగేలా సెట్టింగ్ పెట్టుకుంటారు, వేగంగా తిరగొచ్చని. గట్టి ఆటగాళ్లలో ఎక్కువమంది దీనికి తలకిందులు. వాళ్లు ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్‌ని 30, 40 సెంటీమీటర్లు, కొందరు అంతకన్నా ఎక్కువే జరపాలి. దూకుడుకి కష్టం, సవరణకి సుఖం. చుక్క ముందే సరైన చోట ఉంటే దూకుడు అవసరం తక్కువ కదా. ఈ మార్పుకి మా వాడికి రెండు వారాలు పట్టింది. మొదటి వారమంతా నన్ను తిట్టుకున్నాడు.

పుచ్చకాయ ముక్కలు

చుక్కని రాబోయే చోట ఉంచమన్నాను సరే, ఎక్కడికి రాబోతాడో ఎలా తెలుసు? గది తలుపు తీస్తే పెట్టె వెనక ఉండొచ్చు, మెట్ల మీద ఉండొచ్చు, కిటికీలో ఉండొచ్చు.

1952లో విలియం హిక్ అనే బ్రిటిష్ పరిశోధకుడు పది దీపాలు, పది వేళ్ల కింద పది మీటలు పెట్టాడు. ఏ దీపం వెలిగితే ఆ మీట నొక్కాలి. ఒకటే దీపం వాడినప్పుడు పట్టిన కాలం కన్నా రెండైతే ఎక్కువ, నాలుగైతే ఇంకా ఎక్కువ, ఎనిమిదైతే మరీ ఎక్కువ. ఎంపికలు రెట్టింపైన ప్రతిసారీ దాదాపు ఒకే మొత్తం కాలం అదనంగా చేరింది. హోటల్లో ఇడ్లీ ఒకటే ఉందంటే వెంటనే తెమ్మంటాం. మెనూ చేతికిస్తే పక్క బల్లవాడు తినడం కూడా అయిపోతుంది.

కన్ను కూడా ఇక్కడ సాయం చేయదు. చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడండి. మన చూపులో అక్షరం చదవగలిగేంత స్పష్టత ఉన్న మేర దాదాపు ఆ గోరంతే. మిగతాదంతా మసక, మెదడు నింపుకునే ఊహ. పైగా చూపు ఒక చోటి నుంచి మరో చోటికి దూకే క్షణంలో మెదడు దృశ్యాన్ని అణిచేస్తుంది. గదంతా చూశాననుకున్నవాడు నిజానికి గదిలో నాలుగు గోళ్లంత చోటు చూశాడు. "వాడు నాకు కనబడనే లేదు" అనే మాటలో అబద్ధం లేదు. తెర మీద ఉన్నాడు, చూపులో లేడు.

కాబట్టి తెలివైనవాడు గదినంతా ఒక్కసారి ఎదుర్కోడు. బండి మీద పుచ్చకాయ కోసేవాణ్ణి చూశారా? ఒక్కో ముక్కే, సన్నగా, ఒకే మందంలో. గోడ అంచుని పట్టుకుని ఒక్కో అడుగు పక్కకి వేస్తే గదిలో ఒక్కో సన్నని ముక్కే తెరుచుకుంటుంది. ఆ ముక్కలో మనిషి ఉండగల చోటు ఒకటే. దాని మీద చుక్క పెట్టి, ఎవరూ లేరని తేలాక మరో అడుగు. ఎనిమిది దీపాల పరీక్షని ఒక దీపం పరీక్షలు ఎనిమిదిగా విడగొట్టడం. పొగబాంబు విసరడం కూడా ఇదే పని వేరే దారిలో. రెండు కిటికీలు పొగతో మూసేస్తే రెండు దీపాలు ఆర్పినట్టు.

ఇందులోనే ఎవరూ చెప్పని ఒక జ్యామితి కిటుకుంది. ఆటలో కన్ను తల నడిమధ్యన ఉంటుంది, భుజం దానికన్నా బయటికి ఉంటుంది. గోడ మూలకి ఒరుసుకుని నిలబడి తొంగిచూస్తే కన్ను అంచు దాటకముందే భుజం బయటపడుతుంది. మూలకి దూరంగా వెనక నిలబడ్డవాడికి ఆ భుజం ముందు కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే మూలకి రెండు వైపులా ఉంటే, మూలకి ఎక్కువ దూరంలో ఉన్నవాడిదే మొదటి చూపు. మా వాడు రోజూ గోడకి బల్లిలా అతుక్కునే తొంగిచూసేవాడు. "నేను వాడికెలా కనబడ్డాను" అన్నదానికి సగం జవాబు ఇదే.

ఏ ముక్కలో ఎవరుంటారన్న ఊహ మాత్రం మ్యాప్, అంటే ఆట జరిగే చోటు, తెలిస్తేనే వస్తుంది. డస్ట్ 2 అనే మ్యాప్ 2001 నుంచీ ఉంది, దానిలో పుట్టిపెరిగినట్టు తిరిగేవాళ్లున్నారు. 1973లో చేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు చదరంగం ఆటగాళ్లకి నిజం ఆటలోని బల్లని ఐదు సెకన్లు చూపించి మూసేశారు. దిట్టలు చాలా పావులని ఉన్నచోట్ల పేర్చేశారు, కొత్తవాళ్లు కొన్నింటినే. అవే పావులని అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే దిట్టల గొప్పతనం దాదాపు ఆవిరైపోయింది. జ్ఞాపకశక్తి ఎక్కువై కాదు, వాళ్లకి పావులు విడివిడిగా కాక గుత్తులుగా కనిపిస్తాయి. కౌంటర్ స్ట్రైక్‌లో ఎడమ పక్క అడుగుల చప్పుడు, మధ్యలో పొగ, పైన నిశ్శబ్దం - ఈ మూడూ కొత్తవాడికి మూడు విషయాలు. పాతవాడికి ఒకటే గుత్తి: ముగ్గురు ఎడమకి వస్తున్నారు, ఒకడు వెనక కాచుకున్నాడు. వాడు చూడకుండానే చుక్కని సరైన మూలకి తీసుకెళ్లడం చూసి మనం చీటింగ్ అంటాం. ఒక్కోసారి చీటింగే కూడా, అది వేరే కథ.

పక్కింట్లో ముందు పడ్డ సిక్సర్

ఇంతా చేశాక కూడా ఒక్కోసారి గోడ వెనక్కి పూర్తిగా వచ్చేశాక చస్తాం. అప్పుడు మాత్రం ఫిర్యాదులో నిజం ఉంది.

ఐపీఎల్ రోజుల్లో మీరు ఫోన్లో మ్యాచ్ చూస్తుంటే పక్కింట్లోంచి కేకలు ముందే వినబడతాయి. మీ తెర మీద బౌలర్ ఇంకా పరుగెత్తుతూనే ఉంటాడు. కేబుల్ టీవీకి, ఫోనుకి మధ్య కొన్ని సెకన్ల తేడా. ఆన్‌లైన్ ఆటలో పదిమంది పది ఇళ్లలో ఒకే మ్యాచ్‌ని పది రకాల ఆలస్యాలతో చూస్తున్నారు, చూస్తూ అందులోనే ఆడుతున్నారు. తేడా సెకన్లలో కాదు, మిల్లీసెకన్లలో. మన వార్త సర్వర్‌కి, అంటే ఆటని నడిపే కంప్యూటర్‌కి, వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని పింగ్ అంటారు.

పింగ్‌కి ఒక కనీస హద్దు ఉంది, దాన్ని ఏ కంపెనీ ప్లానూ తగ్గించలేదు. గాజుతీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కి నేరుగా గీత గీస్తే దాదాపు 3,300 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి తక్కువలో తక్కువ 33 మిల్లీసెకన్లు. తీగలు నేరుగా పోవు, దారిలో మజిలీలుంటాయి, కాబట్టి నిజంగా పట్టేది అంతకన్నా బాగా ఎక్కువ. ముంబై సర్వర్‌కైతే ఇదే లెక్కన సుమారు 6 మిల్లీసెకన్లే. ఆట మొదలుపెట్టేముందు సర్వర్ ఏ ఊళ్లో ఉందో చూసుకోవడం పెద్ద సాధన లేకుండా దొరికే లాభం. ఆలస్యంలో తెర వాటా కూడా ఉంది: 60 హెర్ట్జ్ తెరలో బొమ్మ 17 మిల్లీసెకన్లకోసారి మారుతుంది, 144 హెర్ట్జ్ తెరలో 7కోసారి. డబ్బుంటే అదీ లాభమే, కానీ నేల మీద చుక్క పెట్టుకుని నడిచేవాడికి ఏ తెరా ఏం చేయలేదు.

ఆలస్యాన్ని సర్దడానికి సర్వర్ ఒక పని చేస్తుంది. ఎవరైనా కాల్చానని చెబితే, కాల్చిన క్షణంలో అతని తెర మీద లోకం ఎలా ఉందో అక్కడిదాకా కాలాన్ని వెనక్కి తిప్పి తగిలిందా లేదా చూస్తుంది. ఆలస్య పరిహారం అనొచ్చు. దీన్ని వాల్వ్ ఇంజినీరు యాన్ బెర్నియర్ 2001లో వివరంగా రాశాడు. కాల్చినవాడికి న్యాయం, దాక్కున్నవాడికి అన్యాయం. మీరు మీ తెర మీద గోడ వెనక్కి వచ్చేశారు, వాడి తెర మీద ఇంకా బయటే ఉన్నారు. ఇదే కారణంగా, కదలకుండా కాచుకున్నవాడి కన్నా హఠాత్తుగా బయటికొచ్చినవాడికి కొన్ని పదుల మిల్లీసెకన్లు మేలు: వచ్చినవాడి కదలిక వార్త మీకు చేరేలోపే మీరు వాడి తెర మీద నిలబడి ఉన్నారు. తొంగిచూపు లాభం అందాం. నేనూ మా వాడూ స్కేలుతో తేల్చుకున్న 30 మిల్లీసెకన్లని ఈ లాభం ఇట్టే మింగేస్తుంది. కాబట్టి ఒకే మూలని పట్టుకుని శవంలా కూర్చోకూడదు. ఒకసారి కాల్చాక చోటు మార్చాలి.

ముగ్గు, గోళీలు, బీడీలు

ఇవన్నీ చెప్పాక వాడు, "అర్థమైంది మామయ్యా, కానీ ఆటలో గుర్తురావడం లేదు" అన్నాడు. అదీ అసలు చిక్కు. తెలియడం వేరు, చేతికి రావడం వేరు.

ఏకే-47 మీట వదలకుండా కాలిస్తే తుపాకీ పైకి ఎగుస్తుంది, తర్వాత పక్కలకి ఊగుతుంది. కౌంటర్ స్ట్రైక్‌లో ఆ ఊగుడు ప్రతిసారీ దాదాపు ఒకే ఆకారంలో ఉంటుంది. మౌస్‌ని దానికి తలకిందులుగా లాగితే తూటాలు ఒకే చోట పడతాయి. మా అమ్మ తెల్లారి చుక్కల ముగ్గు వేసేటప్పుడు చుక్కలు లెక్కపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. లెక్క వేళ్లలో ఉంది. ఇదీ అలాంటిదే, ఖాళీ గోడ మీద కాలుస్తూ వారంలో పట్టుకోవచ్చు. కానీ కొత్తవాళ్లు నెలలు నెలలు దీని మీదే పోస్తారు. నా దృష్టిలో అది దుబారా. మొదటి రెండు మూడు తూటాలు సరైన చోట పడితే మిగతా ముగ్గుతో పనే ఉండదు.

గురి నేర్పే ప్రత్యేక ఆటలున్నాయి, ఎయిమ్ ల్యాబ్, కోవాక్స్ వంటివి. పనికొస్తాయి, ఒకే వరసలో మళ్లీ మళ్లీ అదే కసరత్తు చేయనంతవరకూ. 1978లో కెర్, బూత్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల చేత చిన్న సంచులు గురికి విసిరించారు. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఒక గుంపు మూడడుగుల దూరం నుంచే సాధన చేసింది. ఇంకో గుంపు రెండడుగుల నుంచి, నాలుగడుగుల నుంచి చేసింది, మూడు నుంచి అసలు విసరనే లేదు. చివరికి మూడడుగుల నుంచి పరీక్ష పెడితే రెండో గుంపే బాగా విసిరింది. గోళీలాడినవాళ్లకి ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఏ రెండు గోళీలూ ఒకే దూరంలో నిలబడవు, అందుకే గోళీలాట చేతికి అంత బాగా వస్తుంది.

ఇక గంటల లెక్క. "నాకు రెండువేల గంటలైంది" అని కుర్రాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. 1959లో క్రాస్‌మన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు చుట్టల ఫ్యాక్టరీలో పనివాళ్ల వేగం లెక్కగట్టాడు. లక్షల చుట్టలు చుట్టాక కూడా, ఏళ్ల తర్వాత కూడా వేగం ఇంకా పెరుగుతూనే ఉంది. కానీ మొదట్లో రోజులో వచ్చిన మెరుగుకి తర్వాత నెలలు పట్టింది. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే అక్కల చేతులు చూసినవాళ్లకి ఆ చివరి దశ ఎలా ఉంటుందో తెలుసు. అయితే ఒక తేడా ఉంది. బీడీ సరిగ్గా లేకపోతే లెక్క చూసేటప్పుడు పక్కన పడేస్తారు, తప్పు ఆ సాయంత్రమే తెలుస్తుంది. ఆటలో చచ్చినవాడికి ఏ తప్పు వల్ల చచ్చాడో ఎవరూ చెప్పరు. తిట్టుకుని తర్వాతి రౌండుకి పోతాడు. రెండువేల గంటల్లో అదే తప్పు రెండువేల గంటలు సాధన చేసినవాళ్లు చాలామందే ఉన్నారు.

అందుకే వాడికి ఒక నోటు పుస్తకం ఇచ్చాను. ఆట రికార్డింగ్ తర్వాత చూసుకోవచ్చు. చచ్చిన ప్రతిసారీ ఆపి ఒకటే రాయమన్నాను: ఆ క్షణంలో నా గురిచుక్క ఎక్కడుంది? ఎవడు చంపాడు, ఏ తుపాకీ, జట్టువాడు ఏం చేశాడు - ఏదీ వద్దు. వారం తర్వాత పుస్తకం తెస్తే సగానికి పైగా గీతలు 'నేల', 'గోడ మధ్య', 'వేరే మూల'. నిజంగా ఎదుటివాడి చేతివేగం వల్ల పోయానని వాడే ఒప్పుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

వాళ్లమ్మ రాత్రి పదకొండుకి వైఫై ఆపేస్తుంది. వాడికది అన్యాయం. విజ్ఞానం మాత్రం మా అక్క పక్షాన ఉంది. 2002లో హార్వర్డులో వేళ్లతో ఒక వరసలో మీటలు నొక్కడం నేర్పి, కొందరిని నిద్రపోనిచ్చి మర్నాడు మళ్లీ పరీక్షించారు. మధ్యలో సాధన లేకుండానే వేగం ఐదో వంతు దాకా పెరిగింది. మెరుగు అంత ఉంటుందా అని తర్వాతివాళ్లు వాదించుకున్నారు, ఆ వాదం ఇంకా నడుస్తోంది. 2014లో స్టాఫర్డ్, డ్యూవర్ అనే పరిశోధకులు ఆక్సాన్ అనే ఒక చిన్న ఆన్‌లైన్ ఆటలో ఎనిమిది లక్షలకి పైగా ఆటగాళ్ల లెక్కలు చూశారు. అన్నే ఆటలాడినవాళ్లలో మధ్య మధ్య ఎడం ఇచ్చి ఆడినవాళ్లు ఒక్క బిగిన ఆడినవాళ్ల కన్నా మేలుగా ఉన్నారు. వరుసగా నాలుగు ఓడిపోయి కోపంతో ఐదోది మొదలుపెట్టేవాడి పుస్తకంలో 'నేల' అన్న మాట ఎన్నిసార్లు ఉంటుందో నాకు తెలుసు.

సగం ఓటములు

రెండు నెలల తర్వాత వాడు మరో ఫిర్యాదుతో వచ్చాడు. "అన్నీ చేస్తున్నా. అయినా పది ఆడితే ఐదు ఓడిపోతున్నా, ముందు లాగే."

ఇది ఎవరికి ఎవర్ని జత కట్టాలో నిర్ణయించే లెక్క వల్ల. దాని మూలపురుషుడు అర్పాద్ ఎలో, హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. చదరంగం ఆటగాళ్ల కోసం ఆయన కట్టిన బలాంకాన్ని 1970లో ప్రపంచ సమాఖ్య ఫిడే తీసుకుంది. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 దాటాడని పేపర్లలో చదివాం కదా, ఆ అంకె ఇదే. బలవంతుణ్ణి గెలిస్తే ఎక్కువ పాయింట్లు, బలహీనుణ్ణి గెలిస్తే ఏదో కొన్ని. మైక్రోసాఫ్ట్ 2005లో ఎక్స్‌బాక్స్ ఆటల కోసం దీన్నే జట్లకి పనికొచ్చేలా పెంచి ట్రూస్కిల్ అని పేరు పెట్టింది. ఇవాళ పోటీ ఆటల్లో చాలావరకు ఇలాంటి ఏదో ఒక లెక్కతోనే నడుస్తాయి.

ఈ లెక్క ఉద్దేశమే మీకు సమఉజ్జీని వెతికిపెట్టడం. మీరు మెరుగుపడగానే మెరుగైనవాళ్లని తెచ్చి ఎదురు నిలబెడుతుంది. కాబట్టి సగం గెలవడం, సగం ఓడటం ఎక్కడున్నా ఒకటే. ఎదుగుదల గెలుపుల్లో కనబడదు, ఎవరి చేతిలో ఓడుతున్నామో అందులో కనబడుతుంది. ఈ మాట వాడికి అంతగా నచ్చలేదు. ఓడిపోయినప్పుడు పడే బాధకి ఎదుటివాడి బలాంకంతో పనేముంది?

మొన్న దసరా ముందు మళ్లీ రాత్రి పదిన్నరకి ఫోన్. ఈసారి జ్వరమని నేను అనుకోలేదు.

"మామయ్యా, కొత్త ర్యాంక్ వచ్చింది. కానీ ఇక్కడ వాళ్లు మామూలోళ్లు కాదు. మూల తిరిగానో లేదో..."

"చుక్క ఎక్కడుంది?"

"తల ఎత్తులోనే ఉంది. అంచు మీదే ఉంది." కాసేపు ఆగాడు. "వాడే ఆ అంచు నుంచి రాలేదు."